మ్యూట్‌లో సినిమా, బాక్సుల్లో నాదస్వరం

నిన్న పొద్దున ఫోన్‌లో వదిన పేరు చూసి, చేసింది అన్నే అనుకున్నాను. ఆయన ఫోన్‌లో ఎప్పుడూ చార్జింగ్ ఉండదు.

"ఖాజా, మీ అన్న ఇంగ లేడప్పా" అంది వదిన.

ఆ తర్వాత ఏం మాట్లాడానో తెలియదు. కడప బస్టాండుకు ఎట్లా వెళ్లానో కూడా గుర్తులేదు.

షాపు ముందు బండిలోకి స్పీకర్ బాక్సులు ఎక్కిస్తూ ఛాతీలో నొప్పి అన్నాడట. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది.

మద్దిలేటి అన్న తెలియని వాళ్ల కోసం... కర్నూలులో మా ఎదురిల్లు. పెళ్లిళ్లకు, ఉరుసులకు, తిరునాళ్లకు మైక్ సెట్ అద్దెకిచ్చేవాడు. మా అమ్మ నాకు అన్నను కనలేదు. ఈయనే సందు దాటి వచ్చాడు.

తెలిసిన వాళ్లందరికీ ఆయన పిచ్చి కూడా తెలుసు.

మా వైపు పెళ్లింట్లో మైక్ సెట్ కట్టగానే ముందు నాదస్వరం పెడతారు. వీధికంతా తెలియాలి కదా. అన్న దగ్గర ఎప్పుడూ ఒకటే ఆల్బమ్, ఏదో తిరునాళ్లలో రికార్డ్ చేసిన పెద్ద కచేరీ. ఒకరోజు షాపులో దాంతోనే బాక్సులు టెస్ట్ చేస్తున్నాడు. టీవీలో మ్యూట్‌లో ఓ పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా.

(సినిమా పేరు రాయను. రాస్తే కామెంట్లలో కొట్లాట.)

తెర మీద అత్త కోడలి చెంప మీద కొట్టింది. సరిగ్గా అప్పుడే డోలు మీద దెబ్బ పడింది.

అంతే. ఆ రోజు అన్న అన్నం కూడా తినలేదు.

తర్వాత ఆ సినిమా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకున్నాడు. సెన్సార్ సర్టిఫికెట్ పోగానే ఆల్బమ్ మొదలుపెట్టాలి. కాస్త లేటయినా మళ్లీ మొదటికి. తలుపు తెరుచుకుంటే సన్నాయి పైకి లేస్తుంది. వాన మొదలైతే తాళాలు. హీరో ఊరు వదిలిపోతుంటే రాగం మారుతుంది. ప్రతిదానికీ ముందే చెప్పేవాడు, ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు అని.

నేను ఎగతాళి చేసేవాణ్ని. ఏ పాట పెట్టినా ఏదో ఒకటి కలుస్తుందిలే అన్నా, వెతికితే దొరకనిదేముంది అని. ఆయనకు కోపం వచ్చేది కాదు. నావైపు జాలిగా చూసేవాడు. నాకు అదే ఎక్కువ మండేది.

ఒకసారి ఓర్వకల్లులో పెళ్లికి నేనూ తోడు వెళ్లాను. భోజనాలయ్యాక ఎల్‌ఈడీ స్క్రీన్ మీద సినిమా వేసి, బాక్సుల్లో కచేరీ వదిలాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. పక్కన నిలబడి జనం మొహాలే చూస్తున్నాడు.

ఎవరూ పట్టించుకోలేదు. ఒక పెద్దమ్మ మాత్రం లేచొచ్చి, మాటలు వినపడని సినిమా ఎందుకేశావని తిట్టి పోయింది.

తిరిగొచ్చేటప్పుడు ట్రాలీ ఆటోలో అన్నాడు.

"నేను చూపిస్తే అందరూ చూస్తాండారు ఖాజా. నేను చూపీకుండా ఒగడన్నా చూడల్ల. అప్పుడే అది ఉండాదని లెక్క. ల్యాకుంటే నా పిచ్చే."

ఆయనకు అది ఇంత ముఖ్యమని అప్పటివరకూ నాకు తెలియదు.

పోయిన ఆదివారం కడపలో రూమ్‌లో ఏమీ తోచక, ఆయన కాపీ చేసిచ్చిన సినిమా, కచేరీ రెండూ పెట్టుకున్నాను. కచేరీ చివర మంగళం అయిపోగానే అన్న ఆల్బమ్ ఆపేసేవాడు. ఆ తర్వాత ఉండేది ఉత్త చప్పట్లేనని. నేను బద్ధకించి ఆపలేదు.

చప్పట్లు తగ్గాయి.

జనం లేస్తున్న చప్పుడు.

మైకుకు దగ్గరగా ఎవరో పెద్దాయన గొంతు. "ఇంగ పోదాం పదప్పా, పొద్దుపాయ."

స్క్రీన్ మీద, ఖాళీ పందిట్లో ఒక్కడే కూర్చున్న తండ్రి కండువా భుజాన వేసుకుని లేచాడు.

ఎవరూ చూపించలేదు. నేనే చూశాను.

ఫోన్‌లో చెప్పలేదు. ఎదురుగా కూర్చోబెట్టి చూపించాలని, అప్పుడు ఆయన మొహం ఎట్లా ఉంటుందో చూడాలని ఆశ. ఈ ఆదివారానికి టికెట్ కూడా తీసుకున్నాను.

నిన్న ఆయన పక్కన కూర్చుని చెవి దగ్గర మెల్లగా చెప్పాను. ఏమంటున్నావని వదిన అడిగింది. ఏం లేదు వదినా అన్నాను.

ఏడుపు ఆగడం లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అన్నా, అది ఉండాది. నీ పిచ్చి కాదు. నువ్వు చూపీకుండానే నేను చూసినా.

నిమ్మళంగా పోయిరా అన్నా. యాడున్నా నీ మనసు చల్లగా ఉండల్ల.