అంతటా నువ్వు

రెండో భాగంలో ఆ అమ్మాయి ఆ అబ్బాయిని ‘మీరు’ అనడం టైపక్క మరిచిపోయి చేసిన పొరపాటా, లేక కావాలనే అలా రాసిందా? పుస్తకం అచ్చయి ఇరవై రెండేళ్ళు దాటింది. నాకు ఇప్పటికీ తెలియదు.

నేను ఒక చిన్న ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దేవాణ్ణి. టైర్ల కొట్టు పైన రెండు గదులు. ముందు గదిలో యజమాని, ఆయన ఫోను. వెనక గదిలో కిటికీ పక్కన టైపక్క, ఆమె కంప్యూటరు. గోడ వైపు నేను, నా ఎర్ర పెన్ను. కింద టైరు రిమ్ము మీద సుత్తి పడినప్పుడల్లా పైన మా గాజు గ్లాసులు గలగలమనేవి. టైపు చేసేది కనక అందరికీ టైపక్క. అసలు పేరు ఒకటుండేది. అది హాజరు పుస్తకం దాటి బయటికి వచ్చేది కాదు.

పంతొమ్మిదేళ్ళుగా ఆమె ఇతరుల పుస్తకాలు టైపు కొట్టింది. ఆమెది ఒకటే పద్ధతి: రాసింది రాసినట్టు కొట్టాలి, దిద్దింది దిద్దినట్టు మార్చాలి, నోరెత్తకూడదు. ఒకసారి ఒక రచయిత మూడో ప్రకరణంలో చచ్చిపోయిన మేనమామ చేత తొమ్మిదో ప్రకరణంలో పెళ్ళిపాట పాడించాడు. నేనూ చూసుకోలేదు. అచ్చయ్యాక తల పట్టుకుని అడిగాను.

“నీకైనా కనబడలేదా అమ్మాయ్?”

“కనబడింది మాస్టారూ. దయ్యాల కథేమోలే అనుకున్నా.”

ఆమె భర్త సరుకుల ఓడలో, ఇంజను గదిలో పనిచేసేవాడు. ఏడాదిలో పది నెలలు నీళ్ళ మీదే. గురువారం మధ్యాహ్నం ఆఫీసు ఫోనుకు చేసేవాడు. ఇక్కడి మాట అక్కడికి చేరి, అక్కడి మాట తిరిగి రావడానికి కాసేపు పట్టేది. “నువ్వు తిన్నావా?” అని అడిగి, ఆమె రిసీవరు చెవికి ఆనించుకుని ఊరుకునేది. యజమాని పేపరు చదువుతున్నట్టు నటించేవాడు. ఒకరోజు బైండింగు బాబాయి, కట్టలు దించడానికి వచ్చినవాడు, అది విని నోరు తెరిచాడు.

“మొగుణ్ణి పట్టుకుని నువ్వంటావేమే?”

“ఓడలోంచి చెయ్యి చాపినా నా వీపు అందదుగా బాబాయ్!”

ఆ రోజుల్లోనే, అన్నాల వేళ, ఆమె సొంతంగా ఒక పుస్తకం రాసింది. పదిహేనూ పదహారేళ్ళ పిల్లల కోసం. అంతరిక్షంలో రెండు నౌకలు. ఒకదాంట్లో నీళ్ళ ట్యాంకులు చూసుకునే అమ్మాయి, ఇంకోదాంట్లో వైర్లు బాగుచేసే అబ్బాయి. ఒక సందేశం అటు నుంచి ఇటు చేరడానికి పదకొండు రోజులు. ఒకరి ముఖం ఒకరు చూడలేదు, వయసు తెలియదు, కాబట్టి మీరు అంటే మీరు అనుకుంటారు. నూట ఎనభై నాలుగో పేజీలో, ఆఖరి సందేశంలో, అమ్మాయి “నువ్వు పడుకో, నేను మేలుకునే ఉంటాను” అంటుంది. పుస్తకం మొత్తానికి ఒకే ఒక్క ‘నువ్వు’. నా పెన్ను అక్కడ చాలాసేపు ఆగింది. దిద్దడానికి కాదు.

పిల్లలు ఆ పుస్తకాన్ని చేతులు మార్చుకుని చదివారు. నాలుగుసార్లు అచ్చు వేశాం. యజమాని టైపక్కను ముందు గదిలోకి పిలిచాడు.

“రెండో భాగం ఇయ్యి. వాళ్ళిద్దర్నీ కలిపెయ్. అదీ ఇలాగే ఆడిందనుకో, నిన్ను ఆ టైపు కుర్చీలోంచి లేపేస్తా. రాసుకోవడమే నీ పని.”

“మరి నా పుస్తకాలు ఎవరు కొడతారండీ?”

“ఎవరో ఒకరు. నువ్వు మాత్రం కాదు.”

వెనక గదిలోకి వచ్చి ఆమె ఆ మాట నాకు మూడుసార్లు చెప్పింది. మూడోసారి కుర్చీ చేతిమీద తట్టి మరీ చెప్పింది. అంతకుముందు ఆమె ఏదైనా కావాలనుకోవడం నేను చూడలేదు.

ఆ ఏడే ఇంజను రొదకు ఆమె భర్త చెవులు పోయాయి. ఓడవాళ్ళు ఇంటికి పంపేశారు. సాయంత్రాలు వచ్చి టైర్ల కొట్టు ముందు నిలబడేవాడు. ఆమె కిటికీలోంచి వంగి, “మీరు వెళ్ళండి, నేనొస్తా!” అని అరిచేది. ఆయనకు వినపడేది కాదు. అలాగే నిలబడేవాడు. ‘నువ్వు’ పోయి ‘మీరు’ ఎప్పుడొచ్చిందో నేను గమనించలేదు. గమనించాల్సిన విషయమని అప్పట్లో తోచలేదు.

తొమ్మిది నెలలకు రెండో భాగం నా బల్ల మీదికి వచ్చింది. మొదటి పేజీలోనే రెండు నౌకలూ కలుస్తాయి. తలుపు తెరుచుకుంటుంది. అమ్మాయి, “మీరు అలిసిపోయి ఉంటారు, కూర్చోండి” అంటుంది. ఆ తరవాత రెండు వందల పేజీలు ఇద్దరూ ఒకే నౌకలో ఉంటారు. అతను వైర్లు చూస్తాడు, ఆమె ట్యాంకులు చూస్తుంది. మీరు తిన్నారా అంటే తిన్నాను. మీరు పడుకోండి అంటే సరే. ఇంకేమీ జరగదు. చదువుతుంటే నాకూ ఏమీ అనిపించలేదు. పాపం మొదటి భాగం చివరి పేజీ మరిచిపోయినట్టుంది అనుకున్నాను. మొదటి భాగంలో నాలుగున్న ట్యాంకులు ఇందులో ఆరయ్యాయి. అది సరిచేశాను. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

ఒకే తప్పు పదే పదే వచ్చినప్పుడు మేము ప్రతిచోటా దిద్దం. మొదటిసారి వచ్చినచోట చుట్టి, అంచున ‘అంతటా’ అని రాస్తాం. మొదటి ‘మీరు’ చుట్టూ సున్నా చుట్టి, పక్కన ‘నువ్వు, అంతటా’ అని రాశాను.

“అంతటానా మాస్టారూ?”

“అంతటానే. మొదటి భాగంలోనే నువ్వులోకి దిగిపోయారుగా? మళ్ళీ మీరేంటి?”

ఆమె ఆ కాగితం తీసుకుని కంప్యూటరు పక్కన పెట్టుకుంది.

“సరే” అంది.

మీరును నువ్వు చేయడం కంప్యూటరుకు ఒక్క మీట పని. క్రియలు దాని వల్ల కావు. వచ్చారు వచ్చావు కావాలి, కూర్చోండి కూర్చో కావాలి, మిమ్మల్ని నిన్ను కావాలి. రెండున్నర రోజులు ఆమె వంచిన తల ఎత్తకుండా ఒక్కొక్కటీ మార్చింది. రెండో ప్రూఫు నేను కళ్ళలో వత్తులు వేసుకుని చూశాను. ఒక్కటీ తప్పలేదు. నౌక నాయకుడు జంటను కలిపి ‘మీరిద్దరూ’ అన్న చోట మాత్రం మార్చకుండా వదిలేసింది. అంత జాగ్రత్త.

పుస్తకం వచ్చింది. పిల్లలు కొన్నారు, చదివారు, ఊరుకున్నారు. ఎవరి చేతికీ మారలేదు. వచ్చిన ఉత్తరాల్లో ఒకదాన్ని యజమాని గట్టిగా చదివాడు. ఒక అమ్మాయి రాసింది: “మొదటి పుస్తకంలో ఒక్క నువ్వు కోసం నూట ఎనభై నాలుగు పేజీలు ఆగాను. ఇందులో పేజీకి పది నువ్వులు. ఇద్దరూ ఒకే గదిలో ఉండి, నువ్వు నువ్వు అనుకుంటూ, ఎందుకు మాట్లాడుకోవడం లేదో నాకు అర్థం కాలేదు.”

“పేజీకి పది నువ్వులంటే, గానుగాడిస్తే సీసాడు నూనె దిగుతుందే!” అన్నాడు బైండింగు బాబాయి. అందరం నవ్వాం. టైపక్క కూడా నవ్వింది.

నవ్వుతూనే నాకు తట్టింది. ‘మీరు’ను ఉన్నచోట ఉంచేసి ఉంటే ఆ పిల్ల ఈ ప్రశ్న అడిగేది కాదు. తలుపు దగ్గరే గుండె గుభేలుమని, పుస్తకం చివరిదాకా ఆ ‘నువ్వు’ మళ్ళీ వస్తుందేమోనని వెతికేది. అయితే ట్యాంకులు నాలుగని మరిచిపోయిన మనిషి దీన్ని మాత్రం గుర్తుపెట్టుకుని రాసిందని ఎలా నమ్మను?

మూడో భాగాన్ని యజమాని ఒక కాలేజీ కుర్రాడికి అప్పగించాడు. చేతిరాత కట్ట తెచ్చి టైపక్క బల్ల మీద పెట్టాడు. “వీడు యుద్ధాలు పెట్టాడులే. నువ్వు కొట్టి పెట్టు.”

“సరేనండీ.”

తొమ్మిది రోజులు కొట్టింది. తను పుట్టించిన అమ్మాయి చేతికి ఆ కుర్రాడు ఇచ్చిన తుపాకీని కూడా రాసింది రాసినట్టే కొట్టింది. ఎనిమిదో రోజు అన్నాల వేళ నేను ధైర్యం చేశాను.

“అమ్మాయ్, రెండో భాగంలో ఆ మీరు...”

“ఆఁ?” అని పూర్తిగా నా వైపు తిరిగింది. నేను చూపు ప్రూఫుల మీదికి తిప్పాను.

“కాదు, ఈ మూడోదాంట్లో ఏమని ఉంది?”

“నువ్వే మాస్టారూ. మొదటి నుంచి చివరిదాకా నువ్వే. మీకు పనుండదు” అని స్క్రీను వైపు తిరిగింది.

మర్నాడు మూడు గంటలకు చివరి ఇరవై పేజీలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నేను తల వంచుకుని దిద్దుతున్నాను. కుర్చీ జరిపిన చప్పుడైంది. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఆ మెట్లు ఆమె మళ్ళీ ఎక్కలేదు. రోజూలా వెళ్ళొస్తా అనలేదు. అందుకే నేను పట్టించుకోలేదు. మంచినీళ్ళకు వెళ్ళి ఉంటుందనుకుని, పేజీ అంకెలు సరిచూస్తూ కూర్చున్నాను.