ఎడమ స్టీరింగ్ బండి: అత్వెల్లి నుంచి తూంకుంట దాక ఒక్క దినం

బయటి దేశం బండి తెప్పిచ్చుకొని, పాతదాన్ని మళ్ల కొత్తగ చేసుకోవాల్నని ఆశ ఉన్నోళ్లు ఈ మధ్య నన్ను మస్తుమంది అడుగుతున్నరు. "నర్సింలన్నా, నీకు ఎరుకే గదా, జర చెప్పరాదే" అంటరు. నాకు ఎరుకైంది సీట్లు కుట్టుడు. మేడ్చల్ బస్టాండు ఎనుక నాది సీటు కవర్ల దుకాణం. ఏడో తరగతిల బడి ఇడిసిపెట్టిన కాన్నుంచి సూది, దారం, రెగ్జిన్, గివే నా చదువు. కని గసొంటి బండి ఒకదాన్ని ముక్క ముక్క ఇప్పి మళ్ల కూడగట్టంగ రెండేండ్లు పక్కనే ఉన్న. దాంట్ల కూసొని ఒక్కటే ఒక్క దినం ప్రయాణం చేసిన, రెండువేల నాలుగు జూన్ల. తొవ్వలు, టైములు, ఖర్చులు అన్నీ రాస్త. నడుమ నవ్వొచ్చే ముచ్చట్లు కూడ ఉన్నయ్. చివరి దాక నవ్వుతరని మాత్రం మాట ఇయ్య.

బండి నా దోస్తు మల్లేశంది. ఆయనది అత్వెల్లి, నాది గౌడవెల్లి, చిన్నప్పుడు మేడ్చల్ బడిల ఒక్కటే బెంచి. మల్లేశం తొమ్మిదేండ్లు గల్ఫ్‌ల డ్రైవర్ పని చేసిండు. ఎడారిల క్యాంపులకు మనుషులను, నీళ్లను మోసే జపాన్ బండి అది. తెల్లది, ఎత్తుది, నాలుగు చక్రాలు ఒక్కసారే గుంజుతయ్. పాతదైందని కంపెనీ దాన్ని తుక్కుకు ఏస్తమంటే, ఈయన జీతంల పట్టుకోమని చెప్పి తన పేరు మీద రాయించుకున్నడు. ఇంటికి మళ్లేటప్పుడు ఓడల ఎక్కించిండు. అందరు గల్ఫ్ నుంచి బంగారం తెస్తరు, టేప్ రికార్డర్లు తెస్తరు. ఈయన పెండ్లానికి ఒక చీర, తనకు ఒక బండి తెచ్చుకున్నడు. బొంబాయి రేవు నుంచి అత్వెల్లికి లారీ కిరాయే పద్దెనిమిది వేలు అయింది, కస్టమ్స్ ముచ్చట అడగకుర్రి. నాగ్‌పూర్ రోడ్డు మీద, కరీంనగర్ రోడ్డు మీద బురదల దిగబడ్డ లారీలను గుంజి బతుకుత అని ఆయన లెక్క. "ఇగ మళ్ల పోనురా నర్సిగా, గిదే నా గల్ఫ్" అనేటోడు.

తిరకాసు ఏందంటే దానికి స్టీరింగ్ ఎడమ దిక్కున్నది. కుడి దిక్కు మార్చుకొని తెస్తేనే నంబర్ గురించి చూస్తమని రవాణా ఆఫీసుల అన్నరు. నంబర్ లేకుంటే బండి కోళ్లగూడు కిందనే లెక్క. తూంకుంటల యూసుఫ్ భాయ్ అని మెకానిక్, మిలిటరీ జీపులు బాగుచేసిన చెయ్యి, దినాం అత్వెల్లిల బండి పెట్టిన షెడ్డుకొచ్చి పని చేసిండు. డ్యాష్‌బోర్డు ఇప్పి తిరగేసిండు, పెడళ్లు అటు మార్చిండు, స్టీరింగ్ డబ్బా కోసం నగరంల తుక్కు దుకాణాలన్నీ తిరిగిండు. నేను సీట్లు చింపితే లోపల్నుంచి తట్టెడు ఇసుక రాలింది, దాంట్ల ఖర్జూర గింజలు. మల్లేశం ఆ గింజలను కూడ పారెయ్యనియ్యలే, డబ్బాల పోసి పెట్టుకున్నడు. పాత స్టీరింగ్ గొట్టం పోయిన బొక్కకు రేకు కొట్టి, పైన నా రెగ్జిన్ అంటించిన. ఎంత చేసినా ఒక్కటి మారలే. తొమ్మిదేండ్ల అలవాటు, మల్లేశం దినాం పొద్దుగాల ఎడమ తలుపే తీసి ఎక్కేటోడు. ఎక్కినంక చేతులు ముందలికి చాపి, స్టీరింగ్ లేదని చూసి, మమ్ములను తిట్టేటోడు.

గీడ నా తప్పు ఒకటి చెప్పాలె, లేకుంటే ముంగటిది మీకు సమజ్ కాదు. మల్లేశానికి ఫోన్ లేకుండె. అప్లికేషన్ల అత్వెల్లి ఎస్.టి.డి. బూతు నంబర్ రాసిండు. ఫోనొస్తే బూతు ఆయన కేకేస్తడు, ఈయన ఉరికిపోతడు. నాకు గొంతులు మార్చుడు బాగొస్తది. మేడ్చల్ల రూపాయి బిళ్ల ఏసి ఫోన్ చేసి, ముక్కుతోని మాట్లాడి, "రవాణా ఆఫీసు నుంచి. ఫారిన్ బండి గదా, కొత్త రూల్ వచ్చింది. ముందల ఇరవయ్యొక్క నిమ్మకాయలు కట్టి ఫోటో దించి పట్టుకరా" అన్న. నిజంగనే కట్టిండు! ఫోటో పట్టుకొని ఆఫీసుకు పోతే ఆడ గుమస్తాలు పడి పడి నవ్విర్రట. తర్వాత ఇంకో రెండుసార్లు చేసిన. ఒకసారి కస్టమ్స్ సారు లెక్క మాట్లాడిన, ఇంకోసారి బండిల ఇసుక దేశం దాటించినవని పోలీసు లెక్క బెదిరిచ్చిన. మల్లేశం తిట్టి తిట్టి, ఆఖరికి తనే నవ్వేటోడు. చాయ్ హోటల్ల మాకు వారం రోజులు గదే ముచ్చట.

ఇగ ప్రయాణం. ఆ దినం శుక్రారం. బండికి ఇచ్చిన టెంపరరీ నంబర్ కాయితం ఆ మాపటితోని అయిపోతది, ఇంతకుముందే రెండుసార్లు పొడిగించిర్రు, ఇగ పొడిగియ్యమన్నరు. ఆఫీసుల ఉన్న సారు మంచోడు. బండి ఒకసారి తనే వచ్చి చూసిపోయిండు, "పని శుభ్రంగ చేసిర్రు, తీస్కరా, సంతకం పెడ్త" అని నోటి మాట ఇచ్చిండు. పొద్దుగాల ఆరున్నరకు గౌడవెల్లి నుంచి నా మోపెడ్ మీద ఎల్లి ఏడింటికి అత్వెల్లిల ఉన్న. మబ్బు పట్టి సన్నగ తుంపర పడ్తాంది. మల్లేశం తెల్ల అంగి ఏసుకొని, పెండ్లికి పోయేటోని లెక్క తయారైండు. షెడ్డు తలుపు మల్లేశం వాళ్ల మామ తీస్తుంటే ఈయన మళ్ల ఎడమ తలుపు కాడికే పోయిండు.

"గది నా సీటురా. సంసారం మారింది, ఇంకా పాత ఇంటికే పోతున్నవ్" అన్న.

"మూసుకో నర్సిగా. నంబర్ రానీ, నిన్ను ఎనుక తాడు కట్టి గుంజకపోత" అన్నడు.

మేడ్చల్ల మున్నూరు రూపాయల డీజిల్ పోయించినం. ఏడు ముప్పావుకు శామీర్‌పేట రోడ్డు ఎక్కినం. ఈ తొవ్వ పోయేటోళ్లకు చెప్తున్న, అప్పట్ల సింగిల్ రోడ్డు, అటిటు జొన్న దుక్కులు, నడుమ నడుమ గుంతలు, ముప్పావుగంట పడ్తది. గుంతలల్ల బండి ఒంటె లెక్క ఊగుకుంట పోయింది, కని ఒక్క నట్టు కూడ కుయ్యిమనలే. వాన జర ఎక్కువైనంక కొత్త ముచ్చట తెలిసింది. స్టీరింగ్ అయితే మార్చినం, వైపర్లు మార్చలే. అవి ఇంకా ఎడమ డ్రైవర్ కోసమే తుడుస్తున్నయ్. నా ముందల అద్దం తళతళ మెరుస్తాంది, మల్లేశం ముందల మూలకు నీళ్లు కారుతున్నయ్. ఆయన నా దిక్కు ఒరిగి తోలిండు, నడుమ నడుమ బండి ఆపితే నేను దిగి బట్టముక్కతోని ఆ మూల తుడ్చిన. నా కాళ్ల కాడ రేకు సందులకెళ్లి సల్లటి నీళ్లు చిమ్ముతున్నయ్.

ఎనిమిదిన్నరకు శామీర్‌పేట చెరువు కట్ట కాడ ఆగినం. చాయ్ మూడు రూపాయలు, రెండు బన్నులు నాలుగు రూపాయలు. చాయ్ పోసే ముసలాయన బండి చుట్టు తిరిగి చూసి, "ఎవరి బండి బిడ్డా, మంత్రిదా?" అన్నడు. "డ్రైవర్‌దే" అన్నడు మల్లేశం. గా మాట అన్నప్పుడు ఆయన మొకం నేను ఇంకా మరవలే. తర్వాత బన్ను చాయ్‌ల ముంచుకుంట నా మోకాలు మీద కొట్టిండు.

"నిన్న మళ్ల చేసినవ్ గదరా ఫోన్. ఈపాలి గొంతు బాగ మార్చినవ్, జర దగ్గు కూడ పెట్టినవ్. కని దొరికిపోయినవ్."

"ఏమన్న?" అని అడిగిన. నవ్వుకుంటనే అడిగిన.

"ఏమన్ననంట! 'రేపు నాకు ట్రాన్స్‌ఫర్, ఇయ్యాల్నే మూడింటికి బండి పట్టుకరా' అన్నవ్. నేనేమన్న? 'నిమ్మకాయలు కట్టుకొని రావాల్నా సారూ, ఉత్తగనే రావాల్నా' అని పెట్టేసిన. మల్లేశంతోని ఆటలా!"

నేను నిన్న ఫోన్ చెయ్యలే.

గప్పుడే చెప్పాల్సి ఉండె. ఒక్క మాట, "నేను కాదురా" అంటే సరిపోతుండె. టైము ఎనిమిది నలభై. కని ఆయన అంత ఖుషీగ ఉన్నడు, నాకు నోరు రాలే. ఇంకెవడన్న చేసి ఉండొచ్చు అనుకున్న. బూతు ఆయనే ఆట పట్టించిండేమో అనుకున్న. మందిని మోసం చేసుడు నాకు అలవాటే గద, ఆ పూట నన్ను నేనే చేసుకున్న.

తొమ్మిదింటికి తూంకుంటల యూసుఫ్ భాయ్ షెడ్డు కాడికి పోయినం. వైపర్ చూపిచ్చినం. "అరె భాయ్, రెండు గంటల పని. సాయంత్రం దాక టైమున్నది గద, ఆగుర్రి. సాబ్ ముందలికి గిట్ల పోతే ఇజ్జత్ పోతది" అన్నడు. మల్లేశం ఆగుదమన్నడు. ఆయన పెయింటు డబ్బా తీసి గీతలు పడ్డ కాడ దిద్దుతుంటే, నేను భాయ్‌ని పక్కకు పిలిచి ముచ్చట మొత్తం చెప్పిన. ఆయన చేతిల పానా కింద పెట్టిండు.

"ఇప్పుడే చెప్పు, జల్దీ. నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

"నేనే చెప్త భాయ్, జర ఆగు" అన్న. వైపర్ పని అయ్యే దాక జర ఆగుతనే ఉన్న. భాయ్ నా దిక్కు చూసుకుంట చూసుకుంట జల్దీ జల్దీ కానిచ్చిండు, పది ముప్పావుకే తోలుర్రని తరిమిండు.

పదకొండు దాటినంక తూంకుంట ఊరవతల ఉన్న రవాణా ఆఫీసుల ఉన్నం. సారు కుర్చీల ఇంకో సారు కూసున్నడు. పాత సారు చార్జి ఇచ్చి పోయిండట. కొత్తాయన కాయితాలన్నీ నెమ్మదిగ చదివిండు, బయటికొచ్చి బండి చుట్టు తిరిగిండు, పని మెచ్చుకున్నడు కూడ. "స్టీరింగ్ మార్చిన బండికి తయారుచేసిన కంపెనీ సర్టిఫికెట్ లేకుంట నేను సంతకం పెట్టలేనయ్యా. ఆయన పెడ్తనన్నడంటే అది ఆయన ధైర్యం" అన్నడు. జపాన్ కంపెనీ తూంకుంటల చేసిన పనికి సర్టిఫికెట్ ఎట్ల ఇస్తది? బయట వరండాల గుమస్తా మల్లేశాన్ని గుర్తుపట్టిండు. "నిన్న సారు మీ బూతుకు ఫోన్ చేసిండు. ఎవరో నిమ్మకాయలని ఎక్కిరించి పెట్టేసిండ్రట. అయినా పాపం, ఇయ్యాల పదిన్నర దాక మీ ఫైలు ముందల పెట్టుకొని కూసున్నడు" అన్నడు.

పదిన్నర. ఎనిమిది నలభైకి చెరువు కట్ట మీద నోరు తెరిస్తే తొమ్మిదిన్నరకు ఆ కుర్చీ ముందల ఉండేటోళ్లం.

మల్లేశం మెట్ల మీద కూసున్నడు. నా దిక్కు తలెత్తి అడిగిండు.

"నిన్న చేసింది నువ్వు కాదా?"

"కాదు."

"నీకెప్పుడు తెలిసింది?"

"శామీర్‌పేట కాడ."

కొడ్తడనుకున్న. కొడితే బాగుండు. లేచి, అంగి ఎనుక దులుపుకొని, పోయి బండి స్టార్ట్ చేసిండు. వచ్చిన తొవ్వనే మళ్లినం, శామీర్‌పేట, మేడ్చల్, ఎక్కడ ఆగలే. కొత్తగ మార్చిన వైపర్ ఆయన దిక్కు అద్దం శుభ్రంగ తుడుస్తనే ఉన్నది. రెండింటికి అత్వెల్లి షెడ్డుల పెట్టి, బ్యాటరీ వైరు పీకి, టెంపరరీ నంబర్ కాయితం డ్యాష్‌బోర్డుల మడిచి పెట్టిండు. తర్వాత ఎడమ తలుపు తీసి, స్టీరింగ్ లేని కాడ కూసున్నడు. నేను మోపెడ్ తీస్కొని ఎల్లొచ్చిన.

ఆ బండి ఇంకా ఆడనే ఉన్నది. మల్లేశం ఇప్పుడు తూంకుంట దిక్కు కొత్త వెంచర్లల్ల వేరేటోళ్ల టిప్పర్ నడుపుతడు. నెలకోసారి నేను పోయి ఎలుకలు కొరికిన కాడ సీట్లు కుట్టొస్త. పోతే చాయ్ పోయిస్తడు, మర్యాదకు తక్కువ చెయ్యడు. చిన్నప్పటి నుంచి నన్ను నర్సిగా అని పిల్చినోడు, ఆ దినం నుంచి "నర్సింలు గారూ, కూసోండ్రి" అంటడు. ఒక్కసారి తిట్టరా అని కాళ్లు మొక్కినంత పని చేసిన. "మిమ్ములను ఏమంటనండి" అంటడు. పాత బండిని బాగుచెయ్యొచ్చు, తుప్పు గీకొచ్చు, స్టీరింగ్ అటుది ఇటు మార్చొచ్చు, గవన్నీ నేను చూసిన. గా 'గారూ'ను మళ్ల 'గా' చేసే మెకానిక్ ఏ షెడ్డుల ఉన్నడో నాకు ఇంకా దొరకలే.

గసొంటి బండి తెచ్చుకునేటోళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఆఫీసు నుంచి ఫోన్ వస్తే, గొంతు మీ దోస్తుదే అనిపించినా సరే, బండి తీసుకొని గా గంటలనే పోయి నిలబడుర్రి. ఉత్త ఫోనైతే ఏం పోతది, నూరు రూపాయల డీజిల్. మీ దోస్తు నవ్వుతడు. నవ్వనియ్యుర్రి.