ఏం లేదని రాయించుకొని వద్దాం

బయ్యారం పక్క తండాల్లో మేం ఉచితంగా క్యాన్సర్ పరీక్షలు చేయించే రోజుల్లో, ఆడవాళ్లను పిలుచుకొచ్చే పని అక్కడి ఆశా కార్యకర్త, ఒక ఆశక్కది. క్యాన్సర్ అన్న మాట ఆమె పొరపాటున కూడా పలికేది కాదు. మిరపచేను గట్టు మీద నిలబడి, రెండు చేతులూ ఊపుతూ, “రాండ్రే, ఏం లేదని రాయించుకొని వద్దాం!” అని కేకేసేది. ఆ ఒక్క కేకకు, పరీక్షలకు తీసుకెళ్లే మా బండి నిండిపోయేది!

ఒకసారి అందరికంటే ముందు తనే పరీక్షకు కూర్చుంది. రొమ్ములో చిన్న గడ్డ కనిపించింది. పెద్ద దవాఖానకు పంపిస్తే క్యాన్సరేనని తేలింది. ఇక ఎవరూ రారని నేను పరేషాన్ అయ్యాను.

చికిత్స అయ్యాక, తలకు రుమాలు కట్టుకుని, ఆమె మళ్లీ అదే గట్టెక్కింది. చేతులు అలాగే ఊపింది.

“రాండ్రే, నా క్యాన్సర్ చిన్నగున్నప్పుడే దొరికింది! మీకు ఉన్నదో లేదో సూపిచ్చుకొని వద్దాం!”

ఆరోజు మా బండిలో నాకే చోటు దొరకలేదు!