త్రినాథ్ అందించే చెప్పులు

రాజాంలోని ఒక స్కానింగ్ సెంటర్లో త్రినాథ్ సీటీ టెక్నీషియన్. మనిషి లోపల ఏముందో అందరికంటే ముందు కనబడేది అతని కళ్లకే. పైకి చెప్పే హక్కు మాత్రం లేదు. ఎవరెంత బతిమాలినా "డాక్టరు గారు చెప్తారండి" అనే ఒక్క మాటతో ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాడు. నోరైతే కట్టేసుకున్నాడు గానీ, పాపం, చేతులు కట్టేసుకోలేకపోయాడు.

ఆ సంగతి కనిపెట్టింది గుమ్మం దగ్గర కూర్చునే ఆయా కూర్మమ్మ. తెర మీద చెడ్డది కనబడితే త్రినాథ్ తనకు తెలియకుండానే వంగి, బల్ల దిగేవాళ్ల కాళ్ల దగ్గర చెప్పులు సర్దిపెడతాడు. అంతా బాగుంటే "దిగండి" అని కేకేసి ఊరుకుంటాడు. ఈ గుట్టు కడుపులో దాచుకుంటే ఆమె కూర్మమ్మ ఎందుకవుతుంది? వరసలో కూర్చున్నవాళ్లందరికీ చెప్పేసింది. చివరికది త్రినాథ్ చెవిన కూడా పడింది. అప్పటి నుంచి చెప్పుల జోలికి పోకుండా జాగ్రత్తపడుతున్నాడు.

ఆ రోజు బల్ల ఎక్కింది అతని అక్క దాలమ్మ. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచిన మనిషి. కడుపునొప్పి, తిండి సహించడం లేదు. గ్యాసే అయ్యుంటుందని త్రినాథ్ తనకు తానే నచ్చజెప్పుకుంటూ వచ్చాడు. మోకాళ్ల నొప్పులతో ఆమె వంగలేకపోయింది. అతనే చెప్పులు విప్పి పడుకోబెట్టాడు.

అద్దం ఇవతలికొచ్చి మిషను నడిపాడు. కాలేయం నిండా మచ్చలు. ఇలాంటి బొమ్మలు ఎన్ని చూశాడో! ఆ మనుషులెవరూ మళ్లీ కోతల నాటికి లేరు. ఏడవడానికి కూడా వీల్లేదు, అవతల అక్క తల తిప్పి ఇటే చూస్తోంది.

మొహం తుడుచుకుని లోపలికెళ్లాడు. "అయిపోనాదప్పా, లెగు," అని ఆమెను కూర్చోబెట్టి, వెనక్కి జరిగి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

దాలమ్మ కాళ్లు వేలాడేసుకుని చెప్పుల వైపు చూసింది. తరవాత తమ్ముడి వైపు చూసింది.

"ఎక్కినప్పుడు నువ్వే ఇప్పినావు కదరా. ఇప్పుడు ఒంగవేటి?"

"డాక్టరు గారు సెప్తారప్పా."

"నానేటీ అడగలేదు కదరా."

త్రినాథ్ చెప్పుల మీది నుంచి చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"బయట కూకున్నప్పుడు కూర్మమ్మ అంతా సెప్పీసినాదిలే," అంది దాలమ్మ మెల్లగా. "తొడుగు. నాను ఒంగలేను."

అతను వంగాడు. కళ్లు మసకేసి ఏది ఏ కాలిదో తెలియడం లేదు. ఎడమ చెప్పు పట్టుకుని కుడికాలికి తోస్తున్నాడు, ఎక్కడం లేదు. దాలమ్మ ఆ కాలు వెనక్కి తీసుకుని, రెండో కాలు ముందుకు పెట్టింది.