ఆర్నెల్లాగు

గడియారాలు బాగుచేసే ఆయనకు కొత్త వస్తువంటే నమ్మకం లేదు. మొదటి విడత సరుకులోని లోపాలన్నీ చివరికి మరమ్మతు బల్ల మీదికే వస్తాయంటాడు. కొత్తతరం వైఫై రూటర్ గురించి పేపర్లో పడ్డవన్నీ కత్తిరించి, స్ప్రింగుల డబ్బాలో దాచాడు. ఇంట్లో ఉన్న పాతదాని సిగ్నల్ వెనకగదిలో మంచం పట్టిన భార్యదాకా అందదు. వీడియోకాల్లో వాళ్లక్క ముఖం మాట మధ్యలోనే బిగుసుకుపోయేది. ఆ ఆగిన ముఖంతోనే ఈమె కాసేపు మాట్లాడేది.

"ఆ కొత్తది తెద్దామండీ."

"ఆర్నెల్లాగు. లోపాలు బయటపడనీ."

ఏడో నెలలో తెచ్చాడు. అప్పటికి అక్క పోయి పక్షం రోజులైంది. బిగించి, ఫోన్ ఆమె చేతికిచ్చాడు.

"చూడు, నిండుగా వస్తోంది."

"బాగుంది," అందామె. "ఎవరికి చెయ్యమంటారు?"

ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని, ఖాళీ అట్టపెట్టె మీది సన్నక్షరాలు చదువుతూ కూర్చున్నాడు.