కొబ్బరికాయ కొట్టాక ఆగిన రిలీజ్

ఎవరైనా ఒక మాట అంటే మర్చిపోయే గుణం నాకు లేదు. "దీనికి అన్నం అరుగుతుంది గానీ మాట అరగదు" అంటుంది మా అమ్మ. నిజమే. గుంటూరులో నా మొదటి ఉద్యోగంలో మా సీనియర్ అన్న మాట అరగలేదు. అరగకపోవడమే మంచిదైంది.

మాది చిన్న కంపెనీ. మిర్చి యార్డుకు దగ్గర్లో, ఒక పురుగుమందుల కొట్టు మీద మేడ. కోల్డ్ స్టోరేజీలకు సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తాం. మంచి ధర కోసం రైతు దాచుకున్న టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, ఏ గదిలో, ఏ ర్యాకులో ఉన్నాయో అది చెబుతుంది. ఓనరు గారు మిర్చి వ్యాపారం చేసి ఇటు వచ్చిన మనిషి. ఇంగ్లీషు చదవరు. కొత్త వెర్షన్ పంపే ప్రతిసారీ వర్జ్యం లేని వేళ చూసి కంప్యూటర్ ముందు కొబ్బరికాయ కొట్టించేవారు. ఆ తర్వాత సీనియర్ చెకింగ్ స్క్రిప్టు నడిపేవాడు. పంపబోయేదాంట్లో అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో వరసగా చూసే చిన్న ప్రోగ్రాం అది.

నేను చేరక ముందు ఒకసారి, కాయ కొట్టాక తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయట. "అపశకునం కదయ్యా" అన్నారట ఓనరు గారు. "ఇక రావండి" అన్నాడట సీనియర్. మాట నిలబెట్టుకున్నాడు మహానుభావుడు. ఏ తప్పు తగిలినా మింగేసి ముందుకు పొమ్మని స్క్రిప్టుకు నేర్పాడు. ఫైలు లేకపోయినా, డేటాబేస్ పలక్కపోయినా చివర్లో పచ్చగా 'ఓకే' అనేది. యార్డులో టిక్కీ మూతి దగ్గర మంచి కాయ పెట్టి, అడుగున రంగు పోయిన తాలు కుక్కేవాళ్ళుంటారు. అందుకే కొనేవాడు చెయ్యి లోపలికంటా పెట్టి తీసి చూస్తాడు. మా స్క్రిప్టు మూతి చూసి మురిసిపోయే రకం.

ఆ పచ్చ రంగు నమ్మి పంపిన ఒక వెర్షన్ ఎండాకాలంలో కొంప ముంచింది. వినుకొండ వైపు నుంచి వచ్చిన రైతులు తమ సరుకు అడిగితే కంప్యూటర్ వేరేవాళ్ళ ర్యాకు చూపించింది. ట్రాక్టర్లు కోల్డ్ స్టోరేజీ గేటు బయట వరస కట్టాయి. ఓనరు గారూ, సీనియరూ నన్ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళారు. పంపే బటన్ నొక్కింది నేనే. నొక్కమన్నది సీనియర్. స్క్రిప్టు ఆయనదే, ర్యాకులు తారుమారు చేసిన కోడ్ కూడా ఆయనదే. అయినా అంతమంది రైతుల ముందు నా వైపు వేలు చూపించాడు.

"ఈ అమ్మాయేనండి చెక్ చేసింది. ఏమ్మా, మిరపకాయల ఇంట్లో పుట్టావు, తాలు ఏరడం రాదా నీకు?"

ఎవరో నవ్వారు. "పోనీలేవయ్యా, ఆడపిల్లని ఏమంటావు" అన్నాడొక పెద్దాయన. ఆ జాలికి ఇంకా ఒళ్ళు మండింది. మా నాన్న మిరపే పండిస్తాడు. ఆయన టిక్కీలో చెయ్యి ఎంత లోతుకు పెట్టినా ఒకటే కాయ వస్తుంది. ఆ మాట ఆయన్నీ అన్నట్టే.

నాకు ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. "వచ్చే రిలీజ్ కూడా ఇలాగే అయితే వేరే చోటు చూసుకో తల్లీ" అన్నారు ఓనరు గారు తిరిగొచ్చేటప్పుడు. తప్పు ఎవరిదో చెప్పబోయాను. "అవన్నీ నాకు తెలియవు. పచ్చగానే వచ్చిందిగా" అన్నారు. ఆయనకు అర్థమయ్యేలా చెప్పే నోరు ఆ స్క్రిప్టుకు లేదు. సరే, నేను పెడతాను అనుకున్నాను.

మర్నాడు సీనియర్, "ఆ చెకింగేదో ఇక నువ్వే ఏడువు" అని స్క్రిప్టు నా మొహాన పడేశాడు. ఒరేయ్, నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నావు కదరా అని లోపల, "సరే సార్" అని పైకి అన్నాను.

అందరూ భోజనాలకు లేచాక, గోంగూర అన్నం డబ్బా పక్కన పెట్టుకుని రాసేదాన్ని. తప్పుని మింగమన్న ప్రతి చోటా ఆ మాట పీకేశాను. ఫైలు లేకపోతే ఆగు. డేటాబేస్ పలక్కపోతే కాస్త ఆగి మళ్ళీ పిలువు, అప్పటికీ పలక్కపోతే ఆగు. ఊరికే ఆగకు, ఎక్కడ ఆగావో, ఎందుకు ఆగావో, అక్కడ ఆఖరుగా చెయ్యి పెట్టింది ఎవరో, ఏం చేస్తే సర్దుకుంటుందో చెప్పు. దాన్ని దాటేసిపోయే దొడ్డిదారి ఉంచలేదు. పని మంచిదే. చేయించింది మాత్రం మంచితనం కాదు, కసి. లైను రాసినప్పుడల్లా గేటు దగ్గరి నవ్వు వినిపించేది. చివరికి దాని మాటలన్నీ తెలుగులో పెట్టాను. పెద్ద అక్షరాలు, ఎర్ర రంగు.

రిలీజ్ రోజు ఒంగోలు నుంచి కొత్త కోల్డ్ స్టోరేజీ యజమాని వచ్చి కూర్చున్నాడు. సీనియర్ పొద్దున్నే తన కోడ్ ఏదో కలిపాడు, నాకు చెప్పలేదు. కాయ కొట్టారు, చక్కగా పగిలింది. "నేను నడుపుతాగానీ, నువ్వు జరుగు" అన్నాడు సీనియర్ నాతో. జరిగాను.

తెర ఎర్రబడింది. సీనియర్ దాన్ని మూసెయ్యబోయాడు. "ఉండవయ్యా, తెలుగేగా" అని ఓనరు గారు కళ్ళజోడు పెట్టుకుని, కూడబలుక్కుంటూ పైకి చదివారు.

"తాలు దొరికింది. ర్యాకు నంబర్ల ఫైలు ఇందులో లేదు. ఆఖరుగా మార్చింది సీనియర్ గారు. ఆ ఫైలు కలిపి మళ్ళీ నడపండి. తాలు ఏరడం రాదా?"

ఒంగోలు ఆయన పకాలున నవ్వాడు. నాకు కడుపు నిండిపోయింది.

ఓనరు గారు నవ్వలేదు. "మొన్న రైతుల దగ్గర పరువు పోయింది కూడా ఇందుకేనా?" అని నన్ను అడిగారు. ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను.

"ఆ పాత వెర్షన్ మీద నడిపి చూపిస్తానండి."

నడిపాను. మళ్ళీ ఎరుపు, ఆఖరుగా మార్చింది మళ్ళీ సీనియర్ గారే. ఓనరు గారు ఈసారి మనసులోనే చదువుకుని సీనియర్ వైపు తిరిగారు. "అయితే అపశకునం ఆ ఎర్ర అక్షరాలు కాదన్నమాట. నువ్వు." ఇక మీదట స్క్రిప్టు సరేనన్నాకే కాయ కొట్టాలన్నారు. నా ఉద్యోగం ఆ రోజే ఖాయమైంది.

సాయంత్రం సీనియర్ నా బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డాడు. "ఆ చివరి ముక్క తీసెయ్యండి. నలుగురూ చూస్తే బాగోదు." నన్ను అండీ అనడం అదే మొదటిసారి.

నేను కుర్చీ కూడా తిప్పలేదు.

"తాలు లేకపోతే ఆ ముక్క రాదు సార్. ఏరుకుని రండి."