అచ్చిరాని వడియాలు

మొన్న మా అపార్టుమెంటు లిఫ్టులో బూడిదగుమ్మడికాయను చంకలో పెట్టుకుని నిలబడి ఉంటే, మూడో అంతస్తు ఆవిడ దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, వడియాలకా అని అడిగింది. అవునన్నాను. అంతటితో ఊరుకోవచ్చు కదా! గొంతు తగ్గించి, "మీ ఇంటికి అచ్చొస్తాయా?" అంది. ఇద్దరు పిల్లల్ని ఇంజనీర్లను చేసిన తల్లి, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి దిగిన మనిషి అడగాల్సిన ప్రశ్నేనా అది? "రాకపోయినా పెడతానమ్మా" అన్నాను. ఆవిడ ఆ తర్వాత తన అంతస్తు వచ్చేదాకా లిఫ్టు తలుపు వైపే చూస్తూ నిలబడింది. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే, ఈ వయసులో నీకింత పెడసరం అవసరమా అన్నాడు మా ఆయన. అవసరమే. తిరుపతికి వచ్చి ఇన్నేళ్ళయినా ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతుందో తెలియాలంటే చిత్తూరులో నేను కాపురానికి వెళ్ళిన ఇంటి సంగతి చెప్పాలి.

నేను పుట్టి పెరిగింది పలమనేరులో. టమేటా ధర పడిపోయి, రైతులు బండ్లకు బండ్లు రోడ్డు పక్కన పారబోసి పోయే వారం మా అమ్మకు పండగ. గంపలకొద్దీ తెప్పించి, చక్రాలుగా తరిగి, ఉప్పు చల్లి, మంచాల మీద పాత పంచెలు పరిచి మిద్దె నిండా ఆరబోసేది. టమేటా అయ్యాక వంకాయ, వంకాయ అయ్యాక గోరుచిక్కుడు, ఎండలు ముదిరాక మామిడికాయ. వీటి మధ్యలో ఉప్పు మజ్జిగలో ఊరి ఊరి ఎండే మిరపకాయలు సరేసరి. ముసురు పట్టి సంతకు కూరగాయలు రాని రోజుల్లో మా ఇంట్లో ఎండిన ఆ ఒరుగుల పులుసు ఉడుకుతుండేది. రాగిసంగటి ముద్దలో గుంట చేసి ఆ పులుసు పోసుకుని, నంజుకోవడానికి వేయించిన ఊరుమిరపకాయ పెట్టుకుంటే, బయట ఎంత వాన కురిస్తే మాకేం? ఎండను దాచుకోవడం చేతకాని ఆడది సంసారమేం చేస్తుంది అనేది మా అమ్మ. ఆ మాట విని పెరిగిన దాన్ని కాబట్టి, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ ఉద్యోగం, భూమి కన్నా ముందు వాళ్ళింటికి మిద్దె ఉందా లేదా అని ఆరా తీశాను. ఉంది అన్నారు. చాలా పెద్దది అన్నారు.

పెద్దదే. ఎనభైలు మొదలైన ఆ రోజుల్లో మా వీధిలో అంత విశాలమైన మిద్దె ఇంకొకటి లేదు. పొద్దున లేచింది మొదలు పొద్దుగూకేదాకా నీడన్నది పడదు. కానీ దాని మీద ఆరేసిన బట్టలు, అప్పుడప్పుడు చింతపండు తప్ప మరేమీ ఎండగా నేను చూడలేదు. వడియాలు మా ఇంటికి అచ్చిరావు అని చెప్పింది మా అత్త. తెలుగువాళ్ళ ఇళ్ళలో ఇది కొత్తేమీ కాదు. ఎప్పుడో ఒకసారి వడియాలు పెట్టిన రోజున ఇంట్లో కీడు జరిగితే, అప్పటి నుంచి తరతరాలు ఆ ఇంట్లో వడియాలు పెట్టరు. మా అత్తగారింట్లో ఆ కట్టుబాటు వడియాలతో ఆగక ఒరుగులకూ మిరపకాయలకూ పాకింది. కత్తి తగిలి ఉప్పు తగిలినది ఏదైనా సరే మా మిద్దె మీద ఎండకూడదు. ఎక్కడో ఎండి వస్తే మాత్రం దోషం లేదు. నేను పుట్టింటి నుంచి తెచ్చిన టమేటా ఒరుగుల మూటను నెల తిరగకుండా ఖాళీ చేశారు. పక్కింటామెకు గుమ్మడికాయా మినప్పప్పూ మేమే ఇచ్చి, వాళ్ళ మిద్దె మీద పెట్టించుకుని, డబ్బాలో పోసుకుని తెచ్చుకునేవాళ్ళం. కీడుకు గోడ దాటి రావడం తెలియదు కాబోలు.

ఆ ఏడు వానలకు కూరగాయలు కరువైతే, పిడికెడు ఒరుగులు అడిగి తెమ్మని అత్త నన్ను పక్కింటికి పంపింది. అంత పెద్ద మిద్దె పెట్టుకుని మా దగ్గర చెయ్యి చాపుతారేమ్మా అని ఆమె నవ్వుతూనే అంది. నవ్వుతూ అన్నదైనా నాకు తలకొట్టేసినట్టయింది. గిన్నె తెచ్చి వంటింట్లో పెట్టి, అసలు ఈ ఇంట్లో ఏం జరిగిందో ఈ రోజు చెప్పాల్సిందే అని అత్త ముందు కూర్చున్నాను. అత్త దాచలేదు. చెయ్యి ఎత్తి మూలన బియ్యం చెరుగుతున్న పెద్దత్త వైపు చూపించి, "ఈయమ్మ ఒడియాలు పెట్టిన దినమే ఈయమ్మ మొగుడు పోయినాడు" అంది. పెద్దత్త తల ఎత్తలేదు. చేట ఆడుతూనే ఉంది.

పెద్దత్త అంటే మా మామ అన్నగారి భార్య. పిల్లలు లేరు. నేను వెళ్ళేనాటికే ఆమె తల సగం నెరిసింది. పొద్దున పేడనీళ్ళు చల్లడం దగ్గర నుంచి రాత్రి పొయ్యి అలికేదాకా ఇంటి పనంతా ఆమె చేతుల మీదే నడిచేది. ఆమె కలిపిన పులుసు తాగి నాలుక చప్పరించనివాళ్ళు లేరు. అయితే ఏ పూటకా పూట తినేదానికే ఆ చెయ్యి పనికొచ్చేది, నిలవ పెట్టేదానికి పనికొచ్చేది కాదు. ఊరగాయ కలిపే రోజు ఆమెను దొడ్డి వైపుకు పంపేవాళ్ళు. కారప్పొడి దంచితే డబ్బాకెత్తడానికి నన్ను పిలిచేవాళ్ళు. ఇదంతా నేను చూస్తూనే ఉన్నా, వయసు మీద పడిందని తప్పుకుంటోంది కాబోలు అనుకున్నాను. ఆ రోజు తెలిసింది, ఆ ఇంటి మిద్దె ఖాళీగా ఉన్న ప్రతి రోజూ ఆమెను హంతకురాలు అంటున్నట్టే లెక్క అని. నాకు కోపం వచ్చింది. వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మాఘమాసం వచ్చింది. ఎండ చురుక్కుమంటోంది, మంచు తగ్గింది. సంతలో మంచి ముదురు గుమ్మడికాయ చూసి తెచ్చి నడవలో పెట్టి, రేపు వడియాలు పెడుతున్నానని చెప్పాను. అత్త మొదట నవ్వులాట అనుకుంది. కాదని తెలిశాక ఏడ్చింది, తిట్టింది, మా అమ్మకు కబురు పెడతానంది. చివరికి, "ఏమన్నా అయితే నీదే పూచీ" అంది. నాదే పూచీ అన్నాను. అనడం తేలికే. ఏమన్నా అయితే నా గతి ఏమిటో నాకు తెలియనిది కాదు. ఆ ఇంట్లో మూలన ఇంకొక చేట పడుతుంది. బతికినన్నాళ్ళూ దాని ముందు కూర్చోవాల్సిన మనిషిని నేనే. అయినా వెనక్కి తగ్గబుద్ధి కాలేదు. పూచీ అన్న మాట వినపడగానే దొడ్డిలో గిన్నెలు తోముతున్న పెద్దత్త చేతులు ఒక్క క్షణం ఆగడం మాత్రం చూశాను.

గుమ్మడికాయకు మొదటి వేటు మగవాళ్ళే వెయ్యాలంటారు. ఆ ఒక్క విషయంలో నేను వాదనకు పోలేదు. పీటలా గట్టిపడ్డ కాయ అది, నా వల్ల ఎలాగూ కాదు. మా ఆయన అప్పట్లో బెల్లం మండీలో గుమాస్తా. సినిమాలో ఫైటింగు వస్తే కుర్చీ అంచుకు జరిగే మనిషి, కత్తి ఎత్తి, కళ్ళు మూసుకుని ఒక్క వేటు వేసి, పని ఉందని బయటికి పోయాడు. ముక్కలు సన్నగా తరిగి ఉప్పూ పసుపూ కలిపి, గుడ్డలో మూటగట్టి మీద సన్నికల్లు పెట్టాను. తెల్లారేసరికి నీరంతా కారిపోయింది. నానిన మినప్పప్పు గట్టిగా రుబ్బి, పచ్చిమిరపకాయ ముద్దా ఇంగువా జీలకర్రా వేసి, పిండిన ముక్కలు కలిపి మిద్దె ఎక్కాను. తడిపిన పంచె మీద వరసలుగా పెడుతుంటే, ఎదురు మిద్దెల మీద ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. చూడండి, బాగా చూడండి అన్నట్టు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను నేనూ.

ఆ సాయంత్రమే మా ఆయన సైకిలు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

రైల్వే గేటు దగ్గర కుక్క అడ్డం వచ్చిందట. మండీ కూలీలు ఇద్దరు ఎత్తుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు. వీధి వీధంతా మా ఇంట్లోనే ఉంది. అందరూ మిద్దె వైపే చూశారు. కుక్క వచ్చింది, కుక్క అని మంచం మీద నుంచి మా ఆయన మొత్తుకుంటూనే ఉన్నాడు. దెబ్బ తగిలినవాడి మాట వినే తీరిక ఎవరికీ లేదు. ప్రాణం పోయి ఉంటే? ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే మంట పుట్టింది. చిత్తూరు జిల్లాలో కాలు విరిగితే ఎక్కడికి పోవాలో పిల్లలక్కూడా తెలుసు. తెల్లారి మొదటి బస్సులో మామా నేనూ ఆయన్ను పుత్తూరు తీసుకుపోయాం. ఆకుపసరు పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టి, ఎముక అతుక్కుంటుంది పొమ్మన్నారు. తిరుగు బస్సెక్కాం. అప్పటికి నా వడియాలు ఏ కాలవలోనో ఉంటాయనే అనుకున్నాను.

వీధి మొదట్లోనే మా మిద్దె కనిపిస్తుంది. దాని మీద పెద్దత్త కూర్చుని ఉంది. కొంగు తల మీద కప్పుకుని, కాకుల్ని తోలే కట్టె ఒకటి చేతిలో పట్టుకుని, నడి ఎండలో కూర్చుని ఉంది. బట్టలు ఆరేయడానికి కూడా ఆమె ఆ మెట్లు ఎక్కగా నేనెన్నడూ చూడలేదు. మా ఆయన్ను మంచం మీదికి చేర్చామో లేదో, అత్త అందుకుంది. తాను పొద్దున్నే పారబోయడానికి పోతే పెద్దత్త అడ్డం పడిందనీ, ఇప్పుడైనా నా చేత్తో నేనే వాటిని తీసి పారబొయ్యాలనీ పట్టుబట్టింది. పారబొయ్యనన్నాను. కత్తి పట్టింది చెయ్యి, విరిగింది కాలు, ఇదెక్కడి లెక్క అని కూడా అన్నాను. ఈ లోపల పెద్దత్త మెట్లు దిగి వచ్చింది. ముఖం ఎండకు కందిపోయి ఉంది. ఇంట్లో ఆమె గొంతు పెరగగా అంతవరకు ఎవరూ వినలేదు, ఆ రోజూ పెరగలేదు.

"నువ్వప్పటికి ఈ ఇంటికి రాలా మే" అంది అత్తతో. "నేనుండాను, మీ ఆయనుండాడు. నేను ఒడియాలు పెట్టకముందే నాలుగు దినాలుగా ఆయప్ప కడుపు పట్టుకోని పొర్లాడతా ఉండె. వేలూరు ఆస్పత్రికి తీసకపోండి అని మన మామ కాళ్ళు పట్టుకుంటి. చెరుకు గానిగ ఆడతా ఉండాది, ఇప్పుడు ఎద్దుల్ని ఇప్పితే బెల్లం పాకం చెడిపోతాదనె. రుబ్బిన పిండి పులిసిపోతాది, పోయి ఒడియాలు పెట్టు అని మన అత్త నన్ను మిద్దెక్కిచ్చె. పిండి ఆగదంట, పాకం ఆగదంట, మనిసి మాత్రం ఆగల్లంట. ఆగలేక పాయ. వాళ్ళు చేసిండేది మింగేసి, నా చేతి ఒడియాలు ఆయప్పను తినేసినాయనిరి."

అత్త విన్న కథ ఆమెకు తన అత్త చెప్పింది. అదే నిజమని నమ్మి ఇన్నేళ్ళూ కాపాడుకొచ్చింది. మొగుడి వైపు చూసింది. మామ గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయి ఉన్నాడు.

"వదినె చెప్పేది నిజమే" అన్నాడు. "బండి కట్టమని అన్న నన్నే అడిగినాడు. నాయనకు బయపడి నేను కట్టలా."

పెద్దత్తే మొదట తేరుకుని, పంచె వెనకవైపు నీళ్ళు చిలకరించి వడియాలన్నీ వొలిచి తిరగేశాననీ, ఇంకా రెండు మూడు ఎండలు కావాలనీ నాతో చెప్పి, కాళ్ళు కడుక్కోవడానికి దొడ్లోకి పోయింది. ఆ తర్వాత అత్త లోపలికి పోయి పొయ్యి మీద అన్నానికి ఎసరు పెట్టింది. క్షమించమని ఆమె అడగలేదు, ఆ ఇంట్లో అలాంటి మాటలు అడిగే అలవాటు ఎవరికీ లేదు. మామ మాత్రం ఆ రాత్రి నుంచి కంచం ముందు కూర్చునే ముందు, వదినె తినిందా అని అడిగేవాడు. బతికినంతకాలం అడిగాడు. నన్నడిగితే అది చాలదు. పెద్దత్తకు చాలిందో లేదో నేనెన్నడూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. మరుసటి వేసవికి మామిడి ఒరుగులు పెట్టింది, ఆపైన వంకాయ, ఆపైన మిరపకాయలు. ఏ డబ్బా ఎక్కడ ఉందో ఆమెకే తెలిసేది. పిల్లలు చెయ్యి పెడితే కట్టెతో కొట్టేది. ముసురు రోజుల్లో పక్కింటామె గిన్నె పట్టుకుని వస్తే, ఎంత పెట్టాలో ఎంత పెట్టకూడదో తనే తేల్చేది. అత్త కూడా కొన్నాళ్ళు ముఖం తిప్పుకుని, ఒక వానరోజు పప్పన్నం ముందు కూర్చుని, ఆ ఒడియాలు నాకు నాలుగు వేయించు అంది, ఎవరి ముఖమూ చూడకుండా.

కాలమే అన్నిటికీ జవాబు చెబుతుందని పెద్దలంటారు. నేనొప్పుకోను. ఆ ఇంట్లో కాలానికి ఒక తరమంత వ్యవధి ఇచ్చారు, అది నోరు విప్పలేదు. చెప్పాల్సింది పెద్దత్తే చెప్పుకుంది.